సీడీకి పెట్టిన బొట్టు

మొన్న దసరా పూజనాడు బాపు పసుపు కుంకుమల పళ్ళెం పట్టుకుని నా ల్యాప్‌టాప్ వైపు నడుస్తుంటే, కూర్చున్నదాన్ని ఒక్క ఉదుటున లేచి "బాపూ, ఆగు!" అని అరిచాను. ఇంట్లో అందరూ గొల్లున నవ్వారు. "ఇంక పోలేదానే నీ కోపం?" అని అన్న వెక్కిరించాడు. పోలేదు. ఎందుకు పోవాలి?

తొంభైల చివర్లో మేం నేతపనికి వలస వెళ్ళి సూరత్‌లో ఉండేవాళ్ళం. మా ఇళ్ళల్లో నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలుస్తాం. బాపు ఖటోదరాలో సాంచాలు నడిపేవాడు. కరెంటు మగ్గాన్ని మావాళ్ళు సాంచా అంటారు. కతర్‌గామ్‌లో వజ్రాలు సానపట్టే కారఖానా ఒకటి ఆఫీసులోని పాత కంప్యూటర్‌ను వదిలించుకుంటుంటే, అన్న చదువుకు పనికొస్తుందని బాపు దాన్ని ఆటోలో పక్కన కూర్చోబెట్టుకుని తెచ్చాడు. అవ్వ దానిమీద పాత చీర ముక్క కప్పింది. అన్న స్నేహితుడొకడు కార్ల రేసు సీడీ ఇచ్చాడు, ఇక చదువు సంగతి చెప్పాలా! ఆ సీడీని లోపల పెట్టింది పెట్టినట్టే ఉంచేవాళ్ళం, బయటికి తీసే పనే లేదు. అన్న విసుగెత్తి లేచినప్పుడు నా వంతు వచ్చేది. నేను అన్నకంటే బాగా ఆడేదాన్ని, అన్న ఇప్పటికీ ఒప్పుకోడు గానీ. నా ఆట చూసి బాపే ఒకరోజు, "దీన్ని గూడ కంప్యూటర్ క్లాసుల చేర్పిద్దాం తియ్" అన్నాడు. పదో తరగతి కాగానే కండెలకు నూలు చుట్టడానికి కూర్చోవలసిన మా బస్తీ ఆడపిల్లకు అది ఎంత మాటో చెప్పలేను. కనిపించిన ప్రతి స్నేహితురాలికీ చెప్పుకు తిరిగాను.

దసరా వెళ్ళిన మర్నాటి నుంచి ఆట చెడింది. కారు వంతెన దాకా బాగానే పోయేది, వంతెన ఎక్కబోతుండగా తెర నీలంగా మారి అంతా ఆగిపోయేది. ఆపి మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ ఆ వంతెన దగ్గరే. నా ఖర్మ కొద్దీ మొదటిసారి ఆగినప్పుడు కుర్చీలో ఉన్నది నేను. మెకానిక్ వచ్చి నాలుగు మీటలు నొక్కి "వైరస్ హోగా" అన్నాడు. అంతకు కొన్నేళ్ళ ముందు వచ్చిన సూరత్ ప్లేగు భయం ఇంకా తీరని అవ్వ, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని మమ్మల్ని బయటికి తోలింది. తీరా వైరస్ లేదని తేలాక అతను నా వైపు చూసి, "లడ్కీ ఉల్టా సీధా బటన్ దబాతీ హోగీ" అని, ఈ పిల్లే అడ్డదిడ్డంగా మీటలు నొక్కుతుంటుందని తీర్పు చెప్పి, చాయ్ తాగి వెళ్ళిపోయాడు. కారణం దొరికింది, అందరికీ హాయి. "ఆడివిల్ల చెయ్యి వడితే గిట్లనే ఉంటది. క్లాసు లేదు, గీసు లేదు. కండెలు సుట్టుడు నేర్సుకో పో" అన్నాడు బాపు. అన్న పక్కనే ఉన్నాడు. ఓడిపోయినప్పుడల్లా ఆ మీటలను పిడికిళ్ళతో బాదేది వాడే.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ సీడీని విరిచి పారేద్దామనే, ఇంట్లో ఎవరూ లేనప్పుడు బయటికి తీశాను. రెండు చేతులా పట్టుకుని వంచబోతూ తిప్పి చూస్తే, కంప్యూటర్ చదివే, అద్దంలా మెరిసే కిందివైపు పసుపు, దాని నడుమ కుంకుమ, ఎండి అట్టకట్టి ఉన్నాయి. మా ఇంట్లో అంత గుండ్రంగా బొట్టు పెట్టే చెయ్యి ఒక్కటే.

దాన్ని అలాగే పట్టుకుని ఖటోదరా దాకా నడిచాను. సాంచాల మోతలో అందరూ అరిచే మాట్లాడుకుంటారు కాబట్టి, నేను కోపంతో అరుస్తున్నానని ఎవరికీ తెలియలేదు. దాంతో ఇంకా మండింది. చివరికి సీడీని బాపు కళ్ళ ముందు ఆడించేసరికి సాంచా ఆపాడు.

"గీ బొట్టు నువ్వే పెట్టినవా?"

"నేనే. పండుగనాడు సాంచకు బొట్టు వెట్టి, లోపల ఉరికే నాడెకు వెట్టకుంటే ఎట్ల?"

"మరి ఎన్కవైపు ఎందుకు పెట్టినవ్?"

"అద్దం లెక్క మెరుస్తున్నది గదా, గదే మొఖం అనుకున్న. బొట్టు మొఖానికే వెడతరు."

మగ్గంలో నూలు మోసుకుని అటూ ఇటూ పరుగెత్తేది నాడె, కంప్యూటర్‌లో తిరిగేది సీడీ; నేతపనివాడి లెక్కలో అందులో తప్పేమీ లేదు. నవ్వు రావలసిందే, కానీ నాకు రాలేదు. దీనివల్లే ఆట ఆగుతోందని చెబితే, "దేవుని బొట్టుతోని ఖరాబైతదా? ఏం మాట్లాడుతున్నవే!" అని నన్నే కసిరాడు.

ఇంటికొచ్చి తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి, సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి ఆడాను. కారు వంతెన దాటింది. అన్న ఈల వేశాడు. బాపు చేతులు జోడించి "అంత తల్లి దయ" అన్నాడు. చెడితే నా చెయ్యి, బాగైతే తల్లి దయ! క్లాసుకు పంపాడు, కాదనను. ఆ చదువే ఇవాళ్టికీ నాకు అన్నం పెడుతోంది. కానీ నా చేతిని నిందించిన మాట మాత్రం బాపు వెనక్కి తీసుకోలేదు, ఆ బొట్టు ప్రస్తావనే మళ్ళీ తేలేదు.

మొన్న నా అరుపుకు బాపు ఎక్కడివాడక్కడ ఆగిపోయాడు. నవ్వులు సద్దుమణిగాక, ఉంగరపు వేలికి పసుపుతో అలాగే నిలబడి, "ఏడ వెట్టాలె బిడ్డా? నువ్వే చూపెట్టు" అన్నాడు. నేను మూతమీద ఒక మూల చూపించాను. వయసు మళ్ళిన ఆ చేత్తో బొట్టు వంకరగా పడింది. ఈ ఒక్క మాట అడగడానికి ఆయనకు ఇన్ని దసరాలు పట్టాయి. బొట్టు గుండ్రంగా పెట్టగలిగిన రోజుల్లోనే అడిగి ఉంటే ఏం పోయేది!