మూడో క్వార్టర్

సంజీవరావు ముప్పై ఒక్కేళ్ళ ఉద్యోగంలో చూడని సరుకు మీద ఒక్కసారి కూడా సంతకం పెట్టలేదు. నాచారంలో నీళ్ళ మోటార్లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఆయన ఇన్‌స్పెక్టర్. పెట్టెలో పై వరస చూసి కింది వరస కూడా అలాగే ఉంటుందని ముద్ర కొట్టేసేవాళ్ళు ఉండేవారు. ఆయన కింది వరస బయటికి తీయించేవాడు. లోడింగ్ వాళ్ళు తిట్టుకునేవారు. ఆ తిట్లు చెవిన పడితే ఆయనకు లోలోపల సంతోషంగా ఉండేది.

రిటైరయ్యాక ఆ చూపంతా హాకీ మీదికి మళ్ళింది. జనగామ దగ్గర మిషన్ హాస్టల్లో చదివే రోజుల్లో ఆడాడు గానీ స్కూలు టీమును దాటి పోలేదు. ఆ సంగతి దాచేవాడు కాదు. "ఆడుడు రాలే, సూసుడొచ్చింది" అనేవాడు.

ఫ్యాక్టరీల వెనక గ్రౌండులో లీగ్ మ్యాచ్ ఉన్నప్పుడల్లా చిలకానగర్ నుంచి బయల్దేరి వచ్చి మూడో మెట్టు మీద కూర్చుంటాడు. ఒకపక్క మౌలాలి రైల్వేలో పనిచేసి రిటైరైన క్రిస్టోఫర్, ఇంకోపక్క భీమవరం నుంచి వచ్చి నాచారంలో స్థిరపడిన లెక్కల మాస్టారు పట్టాభిరామయ్య. సంజీవరావు చేతిలో నోట్‌బుక్. ప్రతి ఆటగాడికీ పదికి ఇన్ని మార్కులు, పక్కన ఒక ముక్కలో కారణం. మ్యాచ్ అయ్యాక గేటు బయట చాయ్ బండి దగ్గర ఆ మార్కులు చదువుతాడు. కుర్రాళ్ళు బూట్ల లేసులు విప్పుకుంటున్నట్టు నటిస్తూ వింటారు. కోచ్ జగన్మోహన్ అయితే నటించడు, చాయ్ పట్టుకుని ఎదురుగా నిలబడే వింటాడు.

పోయిన సీజన్లో ఒకరోజు మాస్టారు ఏదో గోల్ గురించి మాట్లాడబోయారు. సంజీవరావు అందరి ముందూ ఆపేశాడు. "గప్పుడు మీరు ఫోన్ల ఉన్నరు మాస్టారూ. సూడనిదానికి మార్కులుండయి." అందరూ నవ్వారు. మాస్టారు కూడా నవ్వారు, కొంచెం ఆలస్యంగా.

ఈ సీజన్ మొదటి మ్యాచ్ ఆదివారం మూడు గంటలకు. చర్చి నుంచి వచ్చాక గ్రేస్ బగారా అన్నం, మటన్ పెట్టింది. "జర ఒరిగి పోరాదు, కన్ను కోయించుకొని పదిరోజులు గూడ కాలే" అంది. ఎడమ కంటికి ఆపరేషన్ అయింది. దవాఖానాలో ఇచ్చిన నల్ల కళ్ళద్దాలు నెలరోజులు తీయొద్దన్నారు. ఆయన ఒరగలేదు.

గ్రౌండు గేటు దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు బైకు ఆపి స్టేడియం ఎటని అడిగారు. క్రిస్టోఫర్ గేటు చూపించాడు.

"ఇదే తమ్మీ. టికెట్ గూడ లేదు, రాన్రి."

వాళ్ళు లోపలికి తొంగిచూసి, కర్రలు పట్టుకుని ఉరుకుతున్నవాళ్ళను చూసి, నవ్వుకుంటూ ఉప్పల్ క్రికెట్ స్టేడియం వైపు బండి తిప్పారు.

జగన్మోహన్ టీములో ఆరోజు నలుగురు కొత్త పిల్లలు. వాళ్ళలో కుడిపక్క కాపు కాసే రైట్ హాఫ్ తేజేష్‌కు పద్దెనిమిదేళ్ళు. మొదటి రెండు క్వార్టర్లలో సంజీవరావు అతని పేరు పక్కన ఆరున్నర అని పెన్సిల్‌తో వేసుకున్నాడు. తర్వాత టీములు వైపులు మారాయి. తేజేష్ ఆడే పక్క సరిగ్గా మూడో మెట్టు ముందుకొచ్చింది. ఎండ మొహం మీద కొడుతోంది.

పెద్ద అరుపు వినిపించి సంజీవరావు కళ్ళు తెరిచాడు. బంతి జగన్మోహన్ టీము గోల్లో ఉంది. అటువైపు చివర తేజేష్ మట్టిలో బోర్లా పడి ఉన్నాడు. మెట్టు ముందు అతను ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. అంపైర్ ఊదింది గోల్‌కా, క్వార్టర్ అయిపోయినందుకా అన్నది ఒక క్షణం తెలియలేదు. రెంటికీ అని స్కోరుబోర్డు చూశాక తెలిసింది. గడ్డం మీద తడి తుడుచుకున్నాడు. పక్కవాళ్ళిద్దరూ గ్రౌండు వైపే చూస్తున్నారు.

ఎవరినీ ఏమీ అడగలేదు.

చాయ్ బండి దగ్గర మార్కులు చదివాడు. "తేజేష్‌కు మూడు. జాగ ఖాళీ పెట్టి పోయిండు. గోల్ గక్కడ్నే పుట్టింది."

"గంత తక్వనా అన్నా?" అన్నాడు క్రిస్టోఫర్. "నాకైతే పిల్లగాడు మంచిగనే ఆడినట్టు అనిపిచ్చింది."

"నువ్వు బంతి ఎటు పోతే అటు సూస్తవ్. నేను మనిషిని సూస్త."

క్రిస్టోఫర్ తలూపాడు. "కావచ్చు తియ్. నాకేం తెలుస్తది."

మాస్టారు గ్లాసు అడుగున మిగిలిన చాయ్ చూసుకుంటూ నిలబడ్డారు. తేజేష్ లేసులు కట్టుకుని, ఎవరివైపూ చూడకుండా సైకిలెక్కి వెళ్ళాడు. వచ్చే ఆదివారం మ్యాచ్‌కు జూనియర్ క్యాంపుకు పిల్లలను ఎంపిక చేసేవాళ్ళు వస్తారు. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు.

గురువారం సాయంత్రం జగన్మోహన్ వాట్సాప్ గ్రూపులో టీము పేర్లు పెట్టాడు. రైట్ హాఫ్‌గా విక్రమ్. తేజేష్ పేరు అదనపు ఆటగాళ్ళలో కూడా లేదు. అరగంటకు మాస్టారి నుంచి సంజీవరావుకు విడిగా ఒక వీడియో వచ్చింది. కింద ఒకే వాక్యం: "మీరొక్కరే చూడండి."

మూడో క్వార్టర్. మాస్టారు ఫోన్లో తీశారు. మొదట ఎవరిదో భుజం, ఆ వెంటనే సంజీవరావు. నల్ల అద్దాలు, ఛాతీకి ఆనిన గడ్డం, తెరుచుకున్న నోరు. రెండు సెకన్ల తర్వాత కెమెరా గ్రౌండు వైపు తిరిగింది. తేజేష్ రెండుసార్లు బంతి ఆపాడు. రెండోసారి కర్రను నేలమీద పూర్తిగా పరిచి ఆపాడు. ఆఖర్న ఎడమపక్క ఫుల్‌బ్యాక్ బంతి పోగొట్టుకున్నాడు. అక్కడ కాపాడేందుకు ఇంకెవరూ లేరు. తేజేష్ గ్రౌండు ఈ కొస నుంచి ఆ కొసకు ఉరికి, ఒక్క అడుగు ఆలస్యమై, పడిపోయాడు. అందుకే ఇక్కడ ఖాళీ.

నాలుగుసార్లు చూశాడు. మాస్టారికి ఆదివారమే తెలుసు. సంజీవరావు పరువు కోసమే ఊరుకున్నారు.

వెంటనే జగన్మోహన్‌కు ఫోన్ చేయాల్సింది. శుక్రవారం పొద్దున చేద్దామనుకున్నాడు. పొద్దున కంటి చుక్కల కోసం వెళ్ళాడు. మధ్యాహ్నం ఎవరూ అడగకుండానే ఫ్యాన్ రెక్కలు తుడిచాడు.

"ఏందయ్యా, ఎవలన్న పోయిన్రా? గట్లున్నవ్?" అంది గ్రేస్.

"ఏం లేదు."

శనివారం ప్రాక్టీసు దగ్గరికి వెళ్ళి జగన్మోహన్‌ను పక్కకు పిలిచాడు. దారిపొడవునా కూర్చుకున్న వాక్యాలేవీ రాలేదు.

"మూడో క్వార్టర్ నేను సూడలే. పండుకున్న."

జగన్మోహన్ మొదట నవ్వాడు. ఆయన మొహం చూసి ఆపాడు.

"నేను గూడ సూడలే సార్. అంపైర్ మనోనికి గ్రీన్ కార్డు చూపి బయటికి పంపిన లొల్లిల టేబుల్ కాడ ఉన్న. మీరు సూసిన్రు గదా అని మీ మాట పట్టుకున్న."

"ఇప్పుడన్న ఆ పిల్లగాన్ని..."

"లిస్టు నిన్న సాయంత్రం అయిదింటికే లీగోళ్ళకు ఇచ్చేసిన. ఇగ మార్చుడుండది. నిన్న పొద్దుగాల చెప్పినా అయిపోతుండె."

జగన్మోహన్ విజిల్ ఊదుకుంటూ పిల్లల దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆదివారం తేజేష్ ఆటబట్టల్లో కాకుండా మామూలు చొక్కాలో వచ్చి రెండో మెట్టు మీద, సరిగ్గా ముగ్గురి కింద కూర్చున్నాడు. ఎదర రెండు కుర్చీల్లో క్యాంపు వాళ్ళు కాగితాలు పట్టుకుని ఉన్నారు. క్రిస్టోఫర్ చెప్పబోయిన జోకు మధ్యలో మానేశాడు.

సంజీవరావు వంగి, ఆ కుర్రాడి వెనక నుంచే అన్నాడు. "బిడ్డా, నీకు మూడు మార్కులేసిన గదా. గప్పుడు నేను పండుకున్న. సూడకుండ రాసిన."

తేజేష్ వెనక్కి తిరగలేదు. "తెల్సు అంకుల్."

"ఎట్ల?"

"మీ ముంగటనే ఆడిన గదా. ఎండకు మీకేమన్న అయిందేమో అని భయమైంది. ఛాతి లేస్తుందా లేదా అని సూసిన. లేస్తుంది. ఊకున్న."

"చాయ్ బండి కాడ చెప్పకపోతివి?"

"గంత మందిల ఎట్ల చెప్తం అంకుల్."

మాస్టారు జేబులోంచి ఫోన్ తీసి, ఏమీ చూడకుండానే మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. మ్యాచ్ మొదలైంది. విక్రమ్ బాగా ఆడాడు. సంజీవరావు ఎనిమిది రాశాడు, అంతకు తగ్గించడానికి కారణం కనిపించలేదు. క్యాంపు వాళ్ళు కూడా ఏదో రాసుకున్నారు.

హాఫ్‌టైమ్ అయ్యాక టీములు వైపులు మారాయి. మూడో క్వార్టర్ విజిల్ పడగానే తేజేష్ మొదటిసారి వెనక్కి తిరిగి ఆయన నల్ల అద్దాల వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. చూసి, గ్రౌండు వైపు తిరిగాడు. రెండు నిమిషాలకు మళ్ళీ చూశాడు.

"మెలకువనే ఉన్న బిడ్డా" అన్నాడు సంజీవరావు.