టైముకొచ్చిన బండి

పోయిన వారం అనంతపురం పోతున్న మా బండిని ఒక చిన్న స్టేషన్లో పక్క లైనులోకి తోసి నిలబెట్టారు. స్టేషనంటే ఏముంది, ఒక రేకుల షెడ్డు, ఒక వేపచెట్టు, నీళ్ళు రాని కొళాయి. ఎందుకు ఆపారో, ఎప్పుడు వదులుతారో చెప్పే నాథుడు లేడు. పెట్టె పెనంలా కాలుతోంది. పసిపిల్లలు ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లినట్టు పడుకున్నారు. అంతసేపూ ఆపింది దేనికంటే, తెల్లగా నున్నగా ఉన్న కొత్త బండి ఒకటి, అద్దాలన్నీ బిగించుకుని, మా పక్క నుంచి దూసుకుపోవడానికి. అది లేపిన దుమ్ము మాత్రం మాకు వదిలింది. నా ఎదురుగా కూర్చున్న గొర్రెల కాపరి పెద్దాయన తువ్వాలుతో మొహం తుడుచుకుని, "దుడ్లుండేవోళ్ళకి మెయిన్ లైను, మనకి సైడు లైను. అంతే కదప్పా" అన్నాడు. పెట్టెలో అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. మా మామ గుర్తొచ్చాడు, కడుపు మండిపోయింది.

మామ అంటే మా మేనత్త భర్త. ధర్మవరం దగ్గరి పల్లెలో మగ్గం నేస్తాడు. ఆ ఊరికి పొద్దున ఒక బండి, సాయంత్రం ఒక బండి. అంతకు మించి మరొకటి వేయమని ఓట్లకు వచ్చినవాళ్ళందరినీ అడిగారు. దండలు వేసి అడిగారు, దండాలు పెట్టి అడిగారు. చివరికి రైలు వాళ్ళు కరుణించి, ఉన్న ప్యాసింజరుకే ఎక్స్‌ప్రెస్ అని పేరు పెట్టి చార్జీ పెంచారు. పేరు మారిన సంగతి ఆ చక్రాలకు ఎవరూ చెప్పినట్టు లేదు. బోర్డు మీద రాసిన వేళకు అది వచ్చినట్టు ఆ ఊళ్ళో ఎవరికీ జ్ఞాపకం లేదు. రెండు గంటలు ఆలస్యమంటే దాని మర్యాద. అందుకని ఊరు ఊరంతా ఆ ఆలస్యానికే అలవాటుపడిపోయింది. పెళ్ళిచూపులకు వేళ పెట్టే అయ్యగారు కూడా రాహుకాలం చూసి, దాని మీద రైలు కాలం చూసేవాడు. ముందుగా వెళ్ళి స్టేషన్లో కాచుకోవడం పిచ్చివాళ్ళ పని. ఇంట్లోనే ఉండి, దూరాన మలుపు దగ్గర కూత వినపడ్డాక మూట నెత్తిన పెట్టుకుని బయలుదేరడం తెలివైనవాళ్ళ పని. ఆ కూత ఏ బండిదో చెప్పడంలో మా మామను మించినవాడు లేడు. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని, పోగుల మధ్య అటూ ఇటూ ఆడే నాడె ఆపకుండానే, "అది బొగ్గుబండి", "అది బెంగుళూరుది", "లేయండప్పా, మనది వస్తాండాది" అని చెప్పేవాడు. ఊరివాళ్ళు గడియారం చూడడం మానేసి మామ గడపలోకి తొంగిచూసేవారు. ఆ గౌరవం ఆయనకు చాలా ఇష్టం. జరీ కొంగు నేసినందుకు కూడా అంత మురిసిపోయేవాడు కాదు.

మా అత్త పని పోగులు అతకడం. మగ్గం మీద పాత పడుగు అయిపోయినప్పుడు, కొత్త పడుగులోని ప్రతి పోగునూ పాత పోగు కొసకు చేర్చి, వేలికి బూడిద అద్దుకుని, మెలితిప్పాలి. వెంట్రుక కన్నా సన్నని పట్టుపోగులు, వేలకు వేలు. ఆమె వేళ్ళు ఆ పని చేస్తుంటే మాటలు మరోవైపు సాగిపోయేవి. ఊళ్ళో ఎవరి కోడలు అలిగిందో, ఎవరి బోరు ఎండిందో అన్నీ అప్పుడే తెలిసేవి. ఐదారేళ్ళ కిందట ఆమె కుడికన్ను మసకబారింది. పోగులు రెండుగా కనిపించడం మొదలై, తరవాత కనిపించడమే మానేశాయి. టౌన్లో ఒక ఆసుపత్రివాళ్ళు ఉచితంగా ఆపరేషన్ చేస్తామని తేదీ ఇచ్చారు. పొద్దున పదకొండు లోపల వచ్చి పేరు చెప్పాలి, ఆ పూట దాటితే లేదు. బెంగుళూరు నుంచి వచ్చే డాక్టరు ఆ ఒక్కరోజే ఉంటాడు. తోడు వెళ్ళడానికి నేను ముందురోజు సాయంత్రమే ఆ ఊరు చేరాను.

తెల్లవారింది. టౌన్లో ఉండేవాణ్ణి కనుక నాకు బోర్డు మీది టైము మీద కొంత భక్తి మిగిలే ఉంది. "టైమైతాంది మామా, పోదామా?" అన్నాను. మామ పెద్దగా నవ్వాడు. "టౌన్లో ఉండి చెడిపోయినావు అల్లుడా. ఆ టైము గోడకు రాసేదానికి. అది వచ్చే టైము నాకు తెల్దా? ఇప్పుడే పోయి ఆడ రెండు గంటలు కూర్చుంటే, ఆడమనిషి ఒంటికి పోయేదానికి ఒక చోటుండాదా? ఇంత ముద్ద తిని పోదాంలే" అన్నాడు. ఆ మాటలో తప్పేమీ లేదు. ఆ స్టేషన్లో నీడ లేదు, నీళ్ళు లేవు, మరుగు లేదు. భార్య కష్టపడకూడదనే ఆయన ఆగాడు. రాగిముద్ద, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి పెట్టుకుని కూర్చున్నాం. అంతలో మలుపు దగ్గర కూత వినపడింది. అత్త తల ఎత్తింది. మామ ముద్ద తుంచుతూ, "గూడ్సు అది" అన్నాడు.

వీధిలోంచి పక్కింటామె కేక పెట్టింది. "అన్నా, గూడ్సు కాదన్నా! మీ బండే! జనాలుండే పెట్టెలు కనపడతాండాయి!"

ఇక చెప్పేదేముంది. ఎంగిలి చేతులతోనే పరుగెత్తాం. చెనిక్కాయ చేనికి అడ్డం పడి పోయాం. అత్తకు ఒక కన్ను కనపడదు, రెండో కన్ను అంతంత మాత్రం. గట్టు మీద కాలు జారి కూలబడింది. లేవదీసి తలెత్తేసరికి బండి స్టేషన్లో ఒక్క నిమిషం నిలబడి, మర్యాదగా కూత వేసి, కదిలిపోయింది. వెనకాల కనకాంబరాల గంపలతో ఆడవాళ్ళు, కాలేజీ పిల్లలు, అందరూ చేలల్లో ఎక్కడివాళ్ళు అక్కడే నిలబడిపోయారు. ఆ రోజు ఆ స్టేషన్లో బండి ఎక్కిన మనిషి ఒక్కడూ లేడు.

టికెట్లిచ్చే ఆయన షెడ్డు బయట నిలబడి మమ్మల్నే వింతగా చూశాడు. "మీకు తెలీదా? పెద్దాఫీసరు ఒకాయన లైను చూసేదానికి ఆ బండిలోనే పోతాండాడు. గూడ్సులన్నీ యాడికాడ నిలబెట్టేసి దీన్ని ముందు వదిలినారు" అన్నాడు.

మామ పట్టాల వైపు తిరిగాడు. ఆయన అరిచిన అరుపు నా చెవుల్లో ఇంకా ఉంది. "అంటే దీనికి టైముకు వచ్చేది చేతనైతాదా? ఇన్నేండ్లూ చేతగాకే రాలేదనుకుంటిమి కదప్పా!"

నాకూ అదే మంట. ముసలి ఎద్దును చూసి జాలిపడ్డట్టు ఆ బండిని చూసి జాలిపడ్డాం మేం. ఇరుకు లైను, గూడ్సుల రద్దీ, పాపం అది మాత్రం ఏం చేస్తుంది అని సర్దిచెప్పుకున్నాం. రోజూ కూలి పోగొట్టుకున్నాం, పరీక్షలు పోగొట్టుకున్నాం, గంపల్లో పూలు వాడగొట్టుకున్నాం, అయినా పల్లెత్తు మాట అనలేదు. చేతగానివాణ్ణి క్షమించవచ్చు. చేతనై కూడా, మీకు ఇది చాల్లే అనుకునేవాణ్ణి ఏమనాలి? ఒక్క ఆఫీసరు కూర్చుంటే వేళకు నడిచే బండి, ఊరంతా కూర్చుంటే ఎందుకు నడవదు?

ఆటో పట్టుకుని హైవేకి, అక్కడ బస్సు పట్టుకుని టౌనుకు పోయేసరికి ఆసుపత్రిలో అత్త పేరు పిలిచి, లేదని, తరవాతి పేరు పిలిచేశారు. కాళ్ళావేళ్ళా పడ్డాం. మళ్ళీ వానలు పోయాక రమ్మన్నారు. మా వైపు వానలు వచ్చేదెప్పుడు, పోయేదెప్పుడు! ఆ నెలల్లో అత్త కన్ను ఎర్రబడింది, రాత్రీ పగలూ పోటు. రెండోసారి ఎందుకైనా మంచిదని ముందురోజే బయలుదేరాం. చీకటితోనే వెళ్ళి స్టేషన్లో కూర్చున్నాం. బండి తన పాత మర్యాద ప్రకారం రెండు గంటలు ఆలస్యంగా వచ్చింది.

మర్నాడు డాక్టరు కంట్లోకి లైటు వేసి చూసి, విసుగ్గా, "ఇంత ముదరబెట్టుకుని ఇంత ఆలస్యంగా వస్తే మేమేం చేయాలమ్మా?" అన్నాడు. ఆపరేషన్ చేశారు కానీ ఆ కంటికి వెలుతురు తెలుస్తుంది తప్ప మనిషి తెలియదు. బయట వరండాలో అత్త నా చెయ్యి పట్టుకుని చిన్నగా నవ్వింది. "ఆలీసం మనదంట, విన్యావా అల్లుడా?" అంది. మామ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

అత్త మళ్ళీ పోగు అతకలేదు. మామ ఇప్పటికీ మగ్గం నేస్తూనే ఉన్నాడు. కూత వినపడి ఎవరైనా గడపలోంచి "ఏ బండి మామా?" అంటే తల ఎత్తడు. "నన్నడగాకప్పా" అంటాడు, అంతే. కాలం ఎవరి కోసమూ ఆగదని పెద్దలు ఎందుకన్నారో నాకు తెలియదు. కావలసినవాళ్ళ కోసం లైనంతా ఖాళీ చేసుకుని మరీ అది సరిగ్గా నడవడం నేను కళ్ళారా చూశాను. మా అత్త కన్ను కోసం మాత్రం దానికి ఇంకొక్క నిమిషం ఆగడం చేతకాలేదు.