గుర్తు కాయకు సరిపడిన ప్రోగ్రాం

నేను స్వచ్ఛంద విరమణ తీసుకోవడానికి రెండేళ్ల ముందు, ఒక వేసవిలో, ముక్తేశ్వరం దగ్గరి కొబ్బరి రైతుల సంఘంలో కంప్యూటర్ విభాగం నాకు అప్పగించారు. విభాగమంటే నేనూ, ఒక పాత కంప్యూటరూ. ప్రోగ్రాములు రాయడం పుస్తకాలు చూసి సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. నిల్వ కొట్టులో కాయల లెక్క ఫోన్‌లోకి ఎక్కాలని, అదే ఆఫీసు కంప్యూటర్‌లో కనిపించాలని కార్యదర్శి గారు ఆదేశించారు. సోమవారం నుంచి ఫోన్‌లో లెక్క చూపలేనివారికి పని ఉండదని కూడా అన్నారు. అక్కడ కాయలు లెక్కించేది ముప్పై ఏళ్లుగా సూర్రావు గారొక్కరే.

రాశి, వంద వంటివాటిని వాటి పనులతో సహా విడివిడి వస్తువులుగా రాసుకునే పద్ధతిని ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ అంటారు. అలా రాయడానికి నా ముందు రెండు దారులున్నాయి. ఒకటి, ఒకసారి రాస్తే ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ నడిచే ఉమ్మడి పరికరం. రెండోది ఆండ్రాయిడ్ ఫోన్‌కు కోట్లిన్ అనే ప్రోగ్రాం భాష; అప్పుడు కంప్యూటర్‌కు వేరే ప్రోగ్రాం రాయాలి. రెండు విధాలా నమూనా రాసి వరుసలు లెక్కపెట్టాను. ఉమ్మడిదానికి 410, విడివిడిగా 730. ఉమ్మడిదే ఎంచుకున్నాను.

గురువారం పరీక్షించాం. సూర్రావు గారు చేతికి రెండు చొప్పున నాలుగేసి కాయలు, అంటే పుంజీ లెక్కన, ఒకటికి బదులు లాభమని మొదలుపెట్టి, "లాభం, రెండు, మూడు" అంటూ అవతలికి వేస్తారు. ఇరవై ఐదు పుంజీలు కాగానే, వంద అయిందనడానికి ఒక కాయ బుట్టలో వేస్తారు. అది గుర్తు కాయ. నా ప్రోగ్రాంకు మాత్రం ప్రతి వందకూ తెర మీద వేలు పెట్టాలి. పీచు దుమ్మూ చెమటా పట్టిన వేలిని తెర గుర్తించలేదు. మూడోసారి తుడుచుకునేసరికి ఆయనకు లెక్క తప్పింది. రాశి మళ్లీ మొదటినుంచి.

"మీ ఫోను ముట్టుకోవాలంటే తానం చేసి రావాలాండీ?" అన్నారు. పక్కవాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు. "సోమారం నుంచి నా బదులు ఎవరొత్తన్నారండీ?" అని మెల్లగా అడిగారు.

ఆయన మళ్లీ లెక్క మొదలుపెట్టారు. గుర్తు కాయ బుట్టలో దబ్బున పడింది. ఫోన్‌లో అదురును పసిగట్టే భాగం ఉంటుంది. బుట్టను చెక్క మీద పెట్టి, చెక్క అడుగున ఫోన్ కడితే, కాయ పడినప్పుడల్లా ఒక వంద. అయితే నా ఉమ్మడి ప్రోగ్రాం తెర ఆరగానే ఆగిపోయేది. కోట్లిన్‌లో రాసి చూస్తే ఆగలేదు. 410 వరుసలూ పక్కన పెట్టేసి, కంప్యూటర్‌కు వేరే ప్రోగ్రాం రాశాను.

శనివారం నాలుగు వేల కాయలు లెక్కించారు. బుట్టలో నలభై, ఫోన్‌లో నలభై ఒకటి.

"ఓ కాయ గెంతిందండీ, నేను చూసేను," అన్నారు సూర్రావు గారు.

రెండు సెకన్ల లోపు వచ్చే రెండో అదురును వదిలేయమని ఒక షరతు చేర్చాను. మరో రాశికి నలభైకి నలభై వచ్చింది. కార్యదర్శి గారు బుట్ట తానే మరోసారి లెక్కపెట్టి, సోమవారం సూర్రావు గారినే రమ్మన్నారు.

"ఆయ్, వత్తానండీ. ఫోను మటుకు ఆయన్నే కట్టమనండి," అని ఆయన నన్ను చూపించి, బుట్టలో కాయలు రాశిలోకి గుమ్మరించారు.

విరమణ దాకా ఆ రెండు ప్రోగ్రాములనూ విడివిడిగానే సరిచేస్తూ వచ్చాను. పని రెట్టింపైంది. ప్రోగ్రాం ఎన్ని యంత్రాల మీద నడవాలో లెక్కేసి పరికరం ఎంచుకున్నాను. అంతకు ముందు, లెక్కపెట్టే మనిషి చేతులు ఖాళీగా ఉన్నాయో లేదో కొట్టుకు వెళ్లి చూడవలసింది.