ఎర్రరంగు పూసిన బోల్టు

మా నాన్న చేతికి లొంగని బోల్టు లేదని లోకో షెడ్డులో చెప్పుకునేవారు. ఆ పేరే మా కొంప ముంచింది.

బొగ్గు ఇంజన్లు ఒక్కొక్కటే మూలపడుతున్న రోజులవి. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా క్వార్టరు ముందు ఒక పాత కారు ఉండేది. బదిలీ మీద వెళ్ళిపోతున్న ఒక ఆఫీసరు దగ్గర నాన్న కొన్నాడు. నాన్న దాన్ని నడిపిందానికంటే తుడిచిందే ఎక్కువ. ఆ వానాకాలం దాని ముందు ఎడమవైపు కుంగిపోయి, టైరు మడ్‌గార్డుకు రాసుకోవడం మొదలైంది. కారు కింద చక్రం బరువును ఆపే పొడుగాటి ఇనప కడ్డీ ఒకటుంది. దాని చివర ఉన్న బోల్టు బిగిస్తే ఆ వైపు లేస్తుంది, వదిలితే దిగుతుంది. అంతే పని. ఆ బోల్టు వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

అదే సమయంలో అమ్మ పెరట్లో పాచి మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. తొడ దాకా పిండికట్టు. ఆ వారంలోనే, దగ్గర్లోని కోటా ఊళ్ళో ఉండే మా పిన్నిని ఆసుపత్రివాళ్ళు ఇక చేసేదేమీ లేదని ఇంటికి పంపేశారు. అమ్మకు ఆమె ఒక్కగానొక్క చెల్లెలు. బాబాయిది అక్కడి కర్గీ రోడ్ స్టేషన్లోనే ఉద్యోగం.

"ఒక్కసారి దాని మొకం సూసొస్తాను. అది పోయాక ఎల్లి నానేటి సేత్తాను?" అని అమ్మ మంచం మీంచే నాన్నను అడిగింది.

"బండి ఉంది కదేటి! ఎనక సీట్లో కాలు సాపుకుని మారాణిలాగ ఎల్దువు గాని," అన్నాడు నాన్న.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "ఆ బండి లేచేదెప్పుడు, మనం వెళ్ళేదెప్పుడు నాన్నా? అమ్మను మంచంతో సహా ఎత్తి రైల్లో గార్డు డబ్బాలో ఎక్కించేద్దాం. నలుగురు పట్టుకుంటే అయిపోతుంది," అన్నాను.

ఆయన ముఖం ఎర్రబడింది. "నోరు ముయ్యే! బతికున్న మనిసిని మంచం మీద నలుగురు మోత్తారేటి? అపసకునం మాటలూ నువ్వూనూ."

నలుగురు మొయ్యడమనగానే అమ్మ కూడా పాడె గుర్తొచ్చి ముఖం గోడవైపు తిప్పుకుంది.

ఇక మొదలైంది బోల్టుతో కుస్తీ. జాకీ పెట్టి కారు లేపడం, కిరసనాయిలు పొయ్యడం, రాత్రంతా నానబెట్టడం, పొద్దున్నే పానా వెయ్యడం. పానాకు పైపు తొడిగి ఇద్దరు వేలాడారు. మంట చిమ్మే దీపంతో బోల్టు తలను కాల్చి ఎర్రగా చేశారు. చల్లారాక సుత్తితో తలమీద కొట్టారు. డ్యూటీ దిగి ఇంటికెళ్ళే ప్రతివాడూ ఆగి, కారు కిందికి తొంగిచూసి, ఒక సలహా పారేసి, మా టీ తాగి పోయేవాడు. బోల్టు మాత్రం బోల్టులాగే ఉంది.

అసలు సంగతి నాకు కారు కింద దీపం పట్టుకున్నప్పుడు తెలిసింది. బోల్టు చుట్లనిండా ఎర్రరంగు గట్టిపడి ఉంది. షెడ్డులో తుప్పు పట్టేదానికల్లా రెడాక్సైడ్ పుయ్యడం అలవాటు. నాన్న ఏటేటా విశ్వకర్మ పూజ ముందు ఆ రంగు తెచ్చి కారు కింద కనిపించిన ఇనుముకంతా పట్టించేవాడు. ఆ బోల్టు చుట్ల సందుల్లోకి కూడా కుంచె దోపి, భక్తిగా, పూత మీద పూత. ఇంజన్ కింద ఎప్పటికీ ఊడకూడని బోల్టుకు చెయ్యాల్సిన సేవ, అవసరమైనప్పుడల్లా తిరగాల్సిన దానికి చేశాడు. పైన రంగు, లోపల తుప్పు కలిసి ఒకే ముద్దయిపోయాయి.

"నువ్వే అతికించేశావు కదా నాన్నా!" అని అరిచాను.

"బాగుంటాదని పూసినానే," అన్నాడు. ఆ మాటకు ఇంకేం తిడతాం?

అలా రోజులు దొర్లి విశ్వకర్మ పూజ రానే వచ్చింది. ఆ రోజు మా దగ్గర పనిముట్టు ముట్టుకోవడమంటే దేవుణ్ణి కాలితో తన్నినట్టే. నాన్న పానాలన్నీ కడిగి, కుంకుమ పెట్టి, బంతిపూలు వేసి పటం ముందు పేర్చాడు. కొబ్బరికాయ కొట్టి ఇంకా హారతి కూడా తియ్యలేదు, కంట్రోల్ ఆఫీసు నుంచి మనిషి వచ్చాడు. బాబాయి స్టేషన్ ఫోన్లో చెప్పించాడట, వదినను వెంటనే తీసుకురమ్మని.

నేను రిక్షా ఎక్కి గోల్ బజార్ టాక్సీ స్టాండుకు వెళ్ళాను. ఒక్కో కారుకూ ఒక్కో దండ. డ్రైవర్లు ప్రసాదం తింటున్నారు. "ఆజ్ గాడీ నహీ చలేగీ దీదీ, ఆజ్ పూజా హై," అని, పూజ రోజు బండి కదలదని తేల్చేసి, ఒకడు నా చేతిలో బూందీ పెట్టాడు. ఆ బూందీ వాడి ముఖాన కొట్టాలనిపించింది, కానీ వాడి తప్పేముంది?

ఉత్త చేతులతో ఇంటికొచ్చి చెప్పాను. నాన్న కాసేపు పటం వంక చూశాడు. పూలు పక్కకు తోసి పెద్ద పానా తీశాడు. "వొద్దండీ, ఈ రోజు వొద్దు," అని అమ్మ లోపల్నించి అంటూనే ఉంది. ఆయన కారు కిందికి దూరి, కాళ్ళు గోడకు తన్నిపెట్టి లాగాడు.

"తిరుగుతోందే! తిరుగుతోంది!" అని కేక పెట్టాడు. నేను చప్పట్లు కొట్టాను.

మరుక్షణం టప్‌మని చప్పుడు. బయటికొచ్చి చెయ్యి చూపించాడు. పానా నోట్లో బోల్టు తల ఒక్కటే ఉంది. మిగతాది విరిగి లోపలే ఉండిపోయింది.

లోపలి నుంచి అమ్మే అంది. "మంచం ఎత్తమనండి."

పక్క క్వార్టర్లవాళ్ళు ముగ్గురు వచ్చారు. నాలుగో కోడు నాన్న పట్టుకున్నాడు. అలాగే స్టేషన్ దాకా మోసుకెళ్ళారు. గార్డు మంచాన్ని చూసి మారుమాట లేకుండా డబ్బా తలుపు తీశాడు. పాసింజరు గంట కూడా తీసుకోలేదు కర్గీ రోడ్ చేరడానికి. గంట! ఆ గంట దూరానికి మేం అన్ని రోజులు కారు కింద పడున్నాం.

మేం బాబాయి ఇంటికి చేరేసరికి పిన్ని ఇంకా ఊపిరి తీస్తోంది. కళ్ళు మూసుకునే ఉంది. అమ్మ మంచాన్ని ఆమె మంచం పక్కనే దించారు. బాబాయి కళ్ళు తుడుచుకుంటూ, "నిన్న పొద్దుగూకేదాకా మాటాడింది వదినా. అక్క బయల్దేరిందా, బయల్దేరిందా అని అదే అడిగింది," అన్నాడు.

అమ్మ చెయ్యి చాపి పిన్ని చెయ్యి అందుకుంది. "సెల్లీ, నానొచ్చీసినానే. బండి బాగవ్వలేదే, అందుకే..." అని చెబుతూనే ఉంది. నాన్న గుమ్మం దగ్గరే కూలబడి ఏడ్చాడు. పిన్ని కళ్ళు తెరవలేదు.