దుర్గాదేవి గారి ఎడమ టైరు

తెనాలి ఆటోవాళ్లకు పైసా ఖర్చులేని వినోదం ఒకటుంది. నెత్తిన ‘దుర్గా డ్రైవింగ్ స్కూల్ - మహిళలకు మాత్రమే’ అన్న బోర్డు పెట్టుకుని ఓ తెల్లకారు ఎదురొస్తే చాలు, అవసరం ఉన్నా లేకపోయినా హారన్ కొడతారు. కారు వెంటనే తారురోడ్డు వదిలేసి ఎడమపక్క మట్టిలోకి దిగిపోతుంది. “చూడండి, ఇప్పుడు దిగిపోద్ది” అని వెనక కూర్చున్నవాళ్లకు ముందే చెప్పి మరీ కొట్టేవాళ్లున్నారు. ఇంతవరకు ఏ ప్యాసింజరూ నిరాశపడలేదు.

ఆ కారు దుర్గాదేవి గారిది. వయసు యాభైనాలుగు. పందొమ్మిదేళ్ల క్రితం దాకా ఆవిడ టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపారు. కంప్యూటర్లొచ్చి మిషన్లు పాత ఇనుముకు పోయాక, దిగులుపడుతూ కూర్చోకుండా ఓ పాత కారు కొన్నారు. బోర్డు మీద ‘టైప్’ అన్నచోట ‘డ్రైవింగ్’ అని రాయించారు. పాఠం చెప్పే పద్ధతి మాత్రం మార్చలేదు. టైపు నేర్పేటప్పుడు పిల్ల వేలు తప్పు అక్షరం మీదకు పోతుంటే, ఆవిడ తన వేలు దాని మీద పెట్టి సరైన అక్షరం నొక్కించేవారు. కారులో ఎడమసీట్లో కూర్చుని, ఎదురుగా ఏదైనా వస్తే కుడిచెయ్యి చాపి స్టీరింగు ఎడమకు లాగుతారు. నేర్చుకునేవాళ్లకు అది తమ చేతులే తిప్పినట్టుంటుంది.

ఆవిడ సూత్రం ఒక్కటే: “మార్జిన్ దిగు.” మార్జిన్ అంటే తారు అంచు దాటాక ఉండే మట్టి. “బస్సువాడితో న్యాయం మాట్లాడాలంటే ఆస్పత్రి మంచం మీంచి మాట్లాడాలి తల్లీ. దిగు. వాణ్ని పోనీ. మళ్లీ ఎక్కు.”

ఈ సూత్రానికి ఊళ్లో మంచి పేరుంది. ఓర్పు, సంస్కారం, ఆడవాళ్ల సహజగుణం, ఇంకా ఏవేవో అన్నారు. ఏటా మార్చి ఎనిమిదిన ఏదో ఒక క్లబ్బువాళ్లు శాలువా కప్పి, ‘స్టీరింగు పట్టిన స్త్రీ’ గురించి గంటసేపు ఉపన్యాసం దంచుతారు. పట్టిన స్టీరింగు ఎప్పుడూ ఎడమకే ఎందుకు తిరుగుతోందని ఒక్క ఉపన్యాసకుడూ అడగలేదు. అడిగింది టైరు.

మొన్న వరికోతలప్పుడు కారు ఎడమకు లాగడం మొదలుపెట్టింది. స్టీరింగు వదిలితే కారు తనంతట తనే మార్జిన్ వైపు పోతోంది. దుర్గాదేవి గారికి మొదట్లో ఇది తన శిక్షణ ఫలితంలాగే కనిపించిందేమో, పట్టించుకోలేదు. ఈలోగా నెల తిరక్కుండా ఇద్దరు శిష్యురాళ్లు లైసెన్సు పరీక్షలో తప్పారు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు పాతించిన కర్రల మధ్య ఎనిమిది అంకె తిప్పమంటే, ఇద్దరూ ఎడమవైపు కర్రనే పడగొట్టారు. పందొమ్మిదేళ్లలో ఆవిడ దగ్గర నేర్చుకున్న ఆడపిల్ల కారు వల్ల తప్పడం అదే మొదలు. మిగిలిన ఆరుగురూ సందు చివర కొత్తగా పెట్టిన ఏసీ కార్ల స్కూలు వైపు చూడటం మొదలుపెట్టారు. తరవాతి పరీక్ష తేజస్వినిది. పశువుల ఆస్పత్రిలో కొత్తగా చేరిన పిల్ల, పరీక్ష వచ్చే శుక్రవారం.

“ఈ పిల్ల కూడా తప్పితే బోర్డు దించేస్తా” అన్నారు దుర్గాదేవి గారు. అన్నమాట మీద నిలబడే మనిషి. అందరి భయమూ అదే.

అప్పటికే తెనాలిలో ఓసారి, చక్రాలు సూటిగా నడిచేట్టు సర్దే ఎలైన్‌మెంట్ చేయించి ఉన్నారు. చక్రాలకు అద్దాలు తగిలిస్తే టీవీలో గీతలు కనపడే మిషన్. ఎర్రగీతలు పచ్చగా మారేదాకా తిప్పి, “ఓకే మేడమ్” అన్నారు. పదిరోజుల్లో మళ్లీ లాగింది. బాపట్లలో అక్కగారింటికి పోయినప్పుడు అక్కడ చూపించారు. అక్కడా మిషనే, అక్కడా పచ్చగీతలే. వచ్చేటప్పుడు పొన్నూరు దాటేదాకా కారు బుద్ధిగానే ఉంది. ఆపైన ధాన్యం లారీలు వరసగా ఎదురొచ్చాయి. ఇంటికొచ్చేసరికి స్టీరింగు మళ్లీ ఎడమకే. టైరు కంపెనీవాళ్లను తిట్టారు, రోడ్డు వేసిన కాంట్రాక్టరును తిట్టారు. ఎవరో రేపల్లెలో బుడే సాహెబ్ అని మెకానిక్ పెద్దాయన ఉన్నాడన్నారు. సోమవారం పొద్దున్నే అక్కడికి తోలుకుపోయారు.

బుడే సాహెబ్ దగ్గరా మిషనుంది. కానీ ఆయన దాని జోలికి పోకుండా ముందు టైరు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. వెనక్కి చెయ్యి పెట్టి లోపలి అంచు తడిమాడు.

“చెల్లెమ్మా, ఈ టైరు బయటినుంచి పెళ్లికొడుకు. లోపల బోడిగుండు.”

స్టీరింగు మొత్తం తిప్పి చూపించాడు. లోపలి అంచున గాడులు మచ్చుకైనా లేవు, ఒకచోట తీగలు తేలాయి. కారు పక్కన నిలబడి చూసేవాళ్లకు ఇదేమీ కనపడదు. ముందు చక్రాలు రెండూ సూటిగా నడవాలి. ఎడమచక్రం ముక్కు వెంట్రుకవాసి బయటికి తిరిగినా, కారు నేరుగా పోతుంటే అది పక్కకు ఈడ్చుకుంటూ పోతుంది. కాలు ఈడ్చే మనిషి చెప్పు ఒకవైపే అరిగినట్టు అరుగుతుంది.

“ఎక్కడ కొట్టారు?” అన్నాడు.

“నేనా? కొట్టడమా? పందొమ్మిదేళ్లలో కోడిపిల్లను కూడా తగల్లేదండీ సాయిబు గారూ.”

“కోడిపిల్లకు చక్రం తిరగదులెండి. టై రాడ్ వంగింది. స్టీరింగు నుంచి చక్రం దాకా పోయే కడ్డీ. వంగిన కడ్డీని అలాగే ఉంచి గీతలు పచ్చగా చేస్తే, అవి సాయంత్రం దాకే పచ్చగా ఉంటాయి.”

కొత్త కడ్డీ వేశాడు. ఎలైన్‌మెంట్ చేశాడు. టైరు మార్చాడు. “ట్రయల్ వేద్దాం పదండి. ట్రయల్ లేకుండా బండి అప్పగించను” అని డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. దుర్గాదేవి గారు అలవాటుగా ఎడమ తలుపు తీసుకుని ఎక్కారు.

భట్టిప్రోలు వైపు పోతుంటే, రోడ్డు కుడిసగం మీద వడ్లు ఎండబోసి ఉన్నాయి. వాటిమీదికి బళ్లు ఎక్కకుండా అంచున రాళ్లు పేర్చారు. కారు చక్కగా పోతోంది. బుడే సాహెబ్ రెండు చేతులూ ఎత్తేసి చూపించాడు. “చూశారా? దారం పట్టినట్టు.”

అప్పుడే గడ్డి ట్రాక్టరొకటి ఎదురొచ్చింది. బుడే సాహెబ్ బ్రేకు మీద కాలు వేశాడు. చేతులు స్టీరింగు మీదకు వచ్చేలోపు ఇంకో చెయ్యి వచ్చేసింది. కారు ఎడమ చక్రాలు తారు దిగి దబ్బుమన్నాయి. ట్రాక్టరు పోయింది. అదే చెయ్యి స్టీరింగును కుడికి తిప్పింది. ఎడమ టైరు లోపలి చెంప జానెడెత్తు తారు అంచును గీరుకుంటూ, ఇంకో దబ్బుతో పైకెక్కింది.

బుడే సాహెబ్ కారాపాడు.

“గంటసేపు కష్టపడ్డా చెల్లెమ్మా. రెండు దెబ్బలకు పోయింది.”

“ఏంటండి పోయింది?”

“ఎలైన్‌మెంట్. ఎందుకు లాగారు?”

“నేనెక్కడ లాగాను?”

“కారులో ఉన్నది ఇద్దరం. నా చేతులు గాల్లో ఉన్నాయి.”

దుర్గాదేవి గారు తన కుడిచేతి వైపు, పక్కింటివాళ్ల పిల్ల చేసిన తుంటరిపనిని చూసినట్టు చూశారు. “ట్రాక్టరొచ్చింది కదా” అన్నారు.

“ఆగితే వాడే చూసుకునేవాడు. రోజుకు ఎన్నిసార్లు దిగుతారు ఇట్లా?”

ఆవిడ లెక్కపెట్టబోయి మానేశారు. రోజుకు నలుగురు శిష్యురాళ్లు, తలా గంట, తెనాలి రోడ్లు. ఎదుటివాడికి దారివ్వడం మంచిగుణమని చెప్పినవాళ్లెవరూ ఆ గుణానికి ఎంత రబ్బరు ఖర్చవుతుందో చెప్పలేదు. పైగా దుర్గాదేవి గారి ఓర్పు అంతా ఆవిడదీ కాదు. పోయేది శిష్యురాళ్ల లైసెన్సు.

షాపుకు తిరిగొచ్చి మళ్లీ ఎలైన్‌మెంట్ చేశాడు. “ఈసారి వెనకసీట్లో కూర్చోండి” అన్నాడు. కూర్చున్నారు. దూరంగా బస్సు కనపడగానే ఆయన భుజం మీద చెయ్యి పడింది.

“అది నా భుజం చెల్లెమ్మా. స్టీరింగు ఇంకా ముందుంది.”

శుక్రవారం దాకా మూడురోజులు ఆవిడ తేజస్వినిని అసలు రోడ్డు మీదికే తీసుకుపోలేదు. మార్కెట్ యార్డు ఖాళీ స్థలంలో ఎనిమిదులు తిప్పించారు. అక్కడ ఎదురొచ్చేవాళ్లుండరు, చేతికి పనుండదు. తేజస్వినికి కారణం చెప్పలేదు. పందొమ్మిదేళ్ల టీచరు, కారణం చెప్పే అలవాటు లేదు.

శుక్రవారం కారు సూటిగానే ఉంది. ఎనిమిది అంకె కర్రలన్నీ నిలబడే ఉన్నాయి. “రోడ్డు మీద కూడా చూద్దాం” అని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు ఎడమసీట్లో కూర్చున్నారు. దుర్గాదేవి గారు వెనక్కి జరిగారు. ఆవిడ కారులో ఆవిడ సీటు ఇంకొకరిదైంది.

ఊరు దాటాక సంగం జాగర్లమూడి వైపు మళ్లారు. అక్కడా సగం రోడ్డు వడ్లే. బియ్యం బస్తాల లారీ ఒకటి వీళ్ల సగంలోకి వచ్చి, లైట్లు కొడుతూ, హారన్ ఆపకుండా మీదికి వస్తోంది. వెనకసీట్లో దుర్గాదేవి గారు కుడిచేతిని తొడకింద అదిమిపెట్టుకుని కూర్చున్నారు. అది లేస్తే పరీక్ష అక్కడే ఆగిపోతుంది. నోరు కూడా తెరవకూడదు. ‘దిగు’ అన్నమాటను మింగేశారు.

తేజస్విని తారు మీదే కారాపింది. హ్యాండ్ బ్రేక్ వేసింది.

లారీ కూడా ఆగింది, ముక్కుకు ముక్కు తగిలేంత దగ్గర్లో. డ్రైవరు కిటికీలోంచి సగం బయటికొచ్చాడు. “ఏమ్మా, దిగవా? దుర్గమ్మగారి కారే కదా ఇది!”

తేజస్విని చేతులు స్టీరింగు మీద, చూపు లారీ మీద. ఇన్‌స్పెక్టర్ గారు కిటికీలోంచి తల బయటపెట్టారు. ఖాకీ బట్టలు చూడగానే లారీవాడికి తన వెనకాల వడ్లు లేని జాగా ఉందని గుర్తొచ్చింది. నలభై అడుగులు వెనక్కి పోయి, పక్కకు తప్పుకున్నాడు. తేజస్విని హ్యాండ్ బ్రేక్ దించి ముందుకు పోనిచ్చింది. లారీ పక్కనుంచి పోతుంటే డ్రైవరు ముఖంలో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది.

“బాగా ఆపావమ్మా” అన్నారు ఇన్‌స్పెక్టర్ గారు. పాసు.

ఆఫీసు ముందు రోడ్డు మీద ఆయన దిగిపోయాక దుర్గాదేవి గారు తొడకింది చెయ్యి బయటికి తీశారు. తిమ్మిరెక్కి ఉంది. విదిలించుకుంటూ ముందుకొచ్చి ఎడమసీట్లో కూర్చున్నారు. బోర్డు దించే పని తప్పింది, ఆ సంతోషం ముఖంలో దాగలేదు. కానీ ఏదో ఒకటి దిద్దకుండా ఉండలేరు.

“అంత పెద్ద లారీ మీదికొస్తుంటే ఆపి కూర్చున్నావే! అంత ధైర్యం ఎక్కణ్నించొచ్చింది నీకు?”

“ధైర్యం ఏంటి మేడమ్, వణికిపోయాను. ఎప్పుడు లాగుతారా అని చూస్తున్నా. మీరు లాగలేదు కదండీ! ఏం చెయ్యాలో తెలీక ఆపేశా.”

దుర్గాదేవి గారు తిమ్మిరెక్కిన చేతిని ఒళ్లో పెట్టుకున్నారు.

“లాగితే దిగేదానివా?”

“దిగేదాన్నండి. ఎప్పుడూ మీరే కదా దింపేది.”

ఎదురుగా ఆటో ఒకటి వచ్చి హారన్ కొట్టింది. ఇద్దరూ కదల్లేదు. ఆటోవాడు ఇంకోసారి కొట్టి, కాసేపు చూసి, తనే చుట్టు తిరిగి పోయాడు.

“రేపు ఆరింటికి రా” అన్నారు దుర్గాదేవి గారు.

“పాసయ్యాను కదండీ?”

“అయ్యావులే. నువ్వు నడుపు. నేను వెనక కూర్చుంటా.”