మూడంగుళాల ఎత్తు

తన పాత జీపును కొండదారుల కోసం మూడంగుళాలు ఎత్తు చేయించాలని టైలరుకి పిచ్చి పట్టుకుంది. విడిభాగాలన్నీ కొత్తవి కొనే స్తోమత లేదు. మెడలో టేపు తీయకుండానే ఆర్నెల్లపాటు పాత సామాన్ల కొట్లు జల్లెడ పట్టాడు.

"స్ప్రింగులు పాతవే ఉంచి కింద ఇనప దిమ్మలు పెడదాం. షాకబ్జార్బర్లు మాత్రం పొడుగువి కొనండి. అక్కడ పీనాసితనం చేస్తే విరిగేది మీ నడుమే" అన్నాడు మెకానిక్కు.

టైలరు బుద్ధిగా విన్నాడు. పనయ్యాక టేపు పెడితే సరిగ్గా మూడంగుళాలు! తనే అంత పెరిగినట్టు నడిచాడు.

ఆదివారం భార్య ఎక్కబోతే కాలు అందలేదు.

"ఊరందరి కొలతలూ తీస్తారు, నా కాలు ఎంత లేస్తుందో చూసుకోవద్దూ?" అని విసవిసా లోపలికి పోయింది.

మర్నాడే జీపు కింద ఇనప మెట్టు వేలాడింది. ఆవిడ దర్జాగా ఎక్కి కూర్చుంది. వీధి చివర స్పీడ్ బ్రేకరు మీద మెట్టు కర్రుమంది. టైలరు దిగి, మెట్టుకీ నేలకీ మధ్య టేపు పెట్టాడు. ఎత్తు చేయించకముందు జీపు కింద ఉన్న ఖాళీ కంటే అంగుళం తక్కువే వచ్చింది.

"ఎంతుందండీ?" అంది భార్య పైనుంచి.

"నీ కొలతకి సరిగ్గా కుదిరింది" అన్నాడు టైలరు, టేపు చుడుతూ.