లేని ఉద్యోగానికి కృతజ్ఞత కూడిక

సహోదరులారా, సహోదరీలారా, మైకు పట్టుకోవడం నాకు అలవాటు లేదు, అయినా నన్ను కూర్చోమనకండి, కూర్చుంటే మళ్ళీ లేవలేను. అసలు పోయిన మిరప కోతల నుంచి నేను ఒక్కచోట కుదురుగా కూర్చున్నది లేదు. కల్లంలో తాలు కాయలు ఏరుతూ ఏరుతూ లేచి రోడ్డు వైపు చూసేదాన్ని, ఎవరి ఫోను మోగినా గుండె గుభేలుమనేది. ఎందుకంటే నా ఒక్కగానొక్క కొడుకు ప్రవీణ్ జైల్లో ఉన్నాడు, ఆ సంగతి అప్పటికి మా ఊళ్ళో ఒక్క ప్రాణికీ తెలియదు!

పన్నెండేళ్ళకే మా మందిరంలో కీబోర్డు వాయించిన బిడ్డండీ వాడు. ఎవరూ నేర్పలేదు, చెవితో విని వేళ్ళతో పట్టుకున్నాడు. మా ఆయన ప్రభువునందు నిద్రించాక నా మాట వినడం మానేశాడు, ఆర్కెస్ట్రాలో చేరాడు, ముందు చప్పట్లు మరిగాడు, తర్వాత మందు, ఆ తర్వాత గంజాయి. ఒకరోజు పోలీసులు వాళ్ళ వ్యాను ఆపారు, కీబోర్డు పెట్టెలో పొట్లాలు దొరికాయి. నా కొడుకు అమాయకుడు, స్నేహితులు చెడగొట్టారు అని చెప్పడానికి నేను ఇక్కడికి రాలేదు. ఆ పెట్టె వాడిదే.

మాది పదిమంది ఆడవాళ్ళ ముఠా, అందరం ఒకే సంఘం, పనికి కలిసే పోతాం. ముఠాకు పెద్ద మరియమ్మ వదిన, ఆమె నోటికి జడవని వాళ్ళు లేరు. "ఏమే సువార్తా, పిల్లోడు కనపట్టంలేదేంటే?" అని కల్లంలో అందరి ముందూ అడిగేసింది. నా నోట్లోంచి టక్కున ఊడిపడింది, హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది వదినా అని! అక్కడితో పోయిందా? మా సంఘంలో ఎవరి బిడ్డకు ఉద్యోగం వచ్చినా ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టించి, ప్రార్థన చేయించి, అందరికీ భోజనం పెట్టడం ఆనవాయితీ. "కూడిక ఎప్పుడే, కూడిక ఎప్పుడే" అని వారం రోజులు నన్ను వేపుకు తిన్నారు. పెట్టించాను. జైల్లో ఉన్న కొడుక్కి ఉద్యోగమిచ్చావని దేవునికి కృతజ్ఞత కూడిక పెట్టించాను! పాస్టరుగారు నా నెత్తిన చెయ్యి పెట్టి, "తండ్రీ, ఈ విధవరాలి కుమారుణ్ణి స్థిరపరచినందుకు నీకు స్తోత్రం" అని ప్రార్థిస్తుంటే, నేను ఆమేన్ అన్నాను, గట్టిగా అన్నాను, తర్వాత అందరికీ పులిహోర వడ్డించాను.

ఇక వాణ్ణి చూడటానికి ఎలా పోను? జైల్లో ములాఖత్‌కు పనిరోజునే పోవాలి. పని మానితే మరియమ్మ వదిన ఎక్కడికని అడుగుతుంది, దానికి ఇంకో అబద్ధం కావాలి. అలా ఐదు నెలలు గడిచాయి. "మా అమ్మ ఉందా, పోయిందా?" అని వాడు లాయరుగారితో కబురు పంపినా కూడా నేను కదలలేదు. కన్నతల్లినేనా నేను అని నన్ను నేనే తిట్టుకున్నాను, మళ్ళీ పొద్దున్నే సంచి తగిలించుకుని కల్లానికే పోయాను.

సింగరాయకొండలో మా అక్క ఉంది, చిన్నప్పుడు జ్వరమొచ్చి చెవులు పోయాయి, అందుకని మా ఇద్దరికీ ఈ రోజుకీ ఉత్తరాలే. ఆ ఉత్తరాల్లో మాత్రం నేను ఒక్క అబద్ధం రాయలేదు. "అక్కా, జైల్లో ఉన్న బిడ్డకు ఉద్యోగం వచ్చిందని కూడిక పెట్టించి దేవుని ముందు దొంగ ఆమేన్ చెప్పాను, పులిహోర పెట్టి సంఘాన్ని మోసం చేశాను, నా బిడ్డ మొహం చూడలేకపోతున్నాను, నేను ఎక్కడికి పోను?" అని రాశాను. అది చదివి మా అక్క భోరున ఏడ్చి, ప్రార్థన చేయమని ఆ ఉత్తరాన్ని తీసుకుపోయి వాళ్ళ సంఘానికొచ్చే ఒక దైవసేవకుడి చేతిలో పెట్టింది. ఏ ఊరు, ఏమిటి అని ఆయన అడగలేదు, ఈవిడ చెప్పలేదు.

ఆ సేవకుడే నెల తిరక్కుండా మా ఊరి ఉపవాస కూడికకు వాక్యం చెప్పడానికి వచ్చాడండీ! "పేరు చెప్పను, ఒక తల్లి భారం ఇది, అందరం ప్రార్థిద్దాం" అంటూ బైబిల్లోంచి ఒక కాగితం తీశాడు. నా కాగితం! ఉద్యోగం, కూడిక అని చదివేదాకా ఎవరూ కదల్లేదు, పులిహోర అనగానే మా ముఠా మొత్తం వెనక్కి తిరిగి నన్నే చూసింది. భూమి నోరు తెరిస్తే బాగుండుననుకున్నాను. "ప్రభువా, నన్ను చంపు, లేదా నిలబెట్టు" అని లోపల కేక వేశాను. ఎలా లేచానో నాకు తెలియదు, లేచాను, ఆ తల్లిని నేనేనయ్యా అన్నాను.

మరియమ్మ వదిన నా దగ్గరికొస్తుంటే చెంప పగలగొడుతుందనుకున్నాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకుని, "ఆ రోజు పులిహోరలో ఉప్పు రెండుసార్లు వేశావే, అప్పుడే అనుకున్నా నీ బుర్ర ఇక్కడ లేదని. రేపు పనికొచ్చావంటే కాళ్ళిరగ్గొడతా, పోయి పిల్లోణ్ణి చూసి రా" అంది. దేవునికే మహిమ!

పోయాను. జాలీ అవతల నిలబడ్డాడు, సగమయ్యాడు. "ఇప్పటికి తీరిందా అమ్మా నీకు?" అని మొహం తిప్పేసుకున్నాడు. ఉన్నదున్నట్టు అంతా చెప్పాను. "ఏం ఉద్యోగమని చెప్పావే?" అన్నాడు. కంప్యూటర్ ఆఫీసులో మేనేజరువని చెప్పానురా అన్నాను. ఐదు నెలల తర్వాత నా బిడ్డ నవ్వాడండీ, నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేశాడు, నేనూ ఏడ్చాను.

వాడికి బెయిలు రాలేదు. మారాడా అంటే, నాకు తెలియదు, ఒక వారం ప్రార్థన చేయమంటాడు, మరో వారం కసురుకుంటాడు. నా గుండె దడ ఇంకా పోలేదు, మీ దగ్గర మళ్ళీ అబద్ధం చెప్పలేను. కానీ సిగ్గు అనే చెర నుంచి దేవుడు నన్ను విడిపించాడు, ముందు విడుదల నాకు దొరికింది, వాడికీ ఇస్తాడని నమ్ముతున్నాను. ఆయన్ని నమ్మండి, ఆయన ముందు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఇక్కడ కూర్చున్న తల్లుల్లో ఇంకెవరి బిడ్డయినా దూరాన ఉద్యోగంలో ఉంటే, చెయ్యి ఎత్తొద్దు, పేరు చెప్పొద్దు. ప్రతి బుధవారం ఏడింటి బస్సుకు నేను స్టాండులో ఉంటాను. వచ్చి పక్కన కూర్చోండి, కలిసి పోదాం.